లండన్ చూసొద్దాం

లండన్ ఇంగ్లండు దేశానికి రాజధాని. థేమ్స్ అనే నది ఒడ్డున ఉంది. సుమారు రెండు వేల ఏళ్ల కిందట రోమన్లు కట్టిన ఊరు ఇది. మన దగ్గర మధ్యాహ్నం పన్నెండు గంటలైతే, చలికాలంలో అక్కడ ఉదయం ఆరున్నర. వెళ్లాలంటే పాస్‌పోర్టు కావాలి. వీసా కావాలి. విమానం ఖర్చు కూడా ఎక్కువే. ఖర్చు లేకుండా మనం ఇక్కడే కూర్చుని చూసొద్దాం రండి.

ఊళ్లో తిరగడానికి భూమి కింద రైళ్లున్నాయి. 1863లో మొదలయ్యాయి. ప్రపంచంలో భూగర్భ రైలు మొదట నడిచింది ఇక్కడే. అప్పట్లో బొగ్గు ఇంజన్లు. సొరంగం నిండా పొగే! ఇప్పుడు కరెంటుతో నడుస్తాయి. పటంలో ఒక్కో దారికి ఒక్కో రంగు వేశారు. రంగు చూసి రైలెక్కొచ్చు. దిగాలంటే మాత్రం స్టేషన్ పేరు చదవాలి.

నది ఒడ్డునే పాత కోట ఉంది. పేరు టవర్ ఆఫ్ లండన్. 1066లో విలియం అనే రాజు సముద్రం దాటి వచ్చి ఇంగ్లండును గెలిచాడు. ఊరివాళ్లను భయపెట్టి అదుపులో ఉంచడానికి ఈ కోట కట్టించాడు. ఇందులో పెద్ద కాకులను పెంచుతారు. కనీసం ఆరు ఉండాలట. అవి ఎగిరిపోతే రాజ్యం కూలిపోతుందని వాళ్ల నమ్మకం. అందుకే వాటి రెక్కల ఈకలు కొంచెం కత్తిరిస్తారు.

కోటలోకి టికెట్టు కొనాలి. జనం ఎక్కువగా చూసేది రాజుల నగల గది. అక్కడ ఒక కిరీటంలో కోహినూరు వజ్రం ఉంది. ఇది మన కృష్ణా నది ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని చెబుతారు. చాలామంది రాజుల చేతులు మారింది. చివరికి పంజాబు మహారాజు దులీప్ సింగ్ దగ్గరికి చేరింది. 1849లో ఇంగ్లీషు కంపెనీవాళ్లు ఒప్పందం రాయించి దాన్ని తీసుకున్నారు. అప్పటికి మహారాజు వయసు పదేళ్లు! పదేళ్ల పిల్లవాడి సంతకం ఏం సంతకం? 1852లో దాన్ని సాన పట్టారు. సుమారు 186 క్యారెట్ల రాయి 105 క్యారెట్లకు తగ్గింది. అంటే ఇప్పుడు 21 గ్రాములు. తిరిగి ఇమ్మని మన దేశం అడిగింది. పాకిస్తాన్ కూడా అడిగింది. వాళ్లు ఇవ్వలేదు.

బ్రిటిష్ మ్యూజియానికి టికెట్టు లేదు. ఎవరైనా వెళ్లొచ్చు. అందులో ఒక అద్దాల గది నిండా మన అమరావతి స్తూపం రాళ్లే. సుమారు 120 ఉన్నాయి. తామర పూలు, ఏనుగులు, స్తూపానికి దండం పెట్టే ఆడవాళ్లు, మగవాళ్లు. వాల్టర్ ఇలియట్ అనే అధికారి 1845లో తవ్వించాడు. రాళ్లు ముందు మద్రాసు చేరాయి. తర్వాత ఓడలెక్కాయి.

సోహో అనే పేటలో ఒక వీధి పంపు ఉంది. చూడ్డానికి వచ్చేవాళ్లు తక్కువ. కానీ మనలాంటి వాళ్లు తప్పక చూడాల్సింది అదే. 1854లో ఆ పేటలో కలరా వచ్చింది. మన పల్లెల్లో గత్తర అనేవారు కదా, అదే. ఆరు వందల మందికి పైగా చచ్చిపోయారు. చెడు గాలి వల్ల జబ్బు వస్తుందని అప్పటి పెద్ద డాక్టర్లు కూడా అనుకునేవాళ్లు. జాన్ స్నో అనే డాక్టరు నమ్మలేదు. ఇల్లిల్లూ తిరిగాడు. ఎవరు పోయారు, ఏ నీళ్లు తాగారు అని అడిగి రాసుకున్నాడు. పోయినవాళ్లలో ఎక్కువమంది ఆ పంపు నీళ్లు తాగినవాళ్లే! పక్కనే సారాయి బట్టీలాంటి బీరు కార్ఖానా ఉంది. అక్కడి కూలీలు బీరే తాగేవాళ్లు, పంపు నీళ్లు ముట్టలేదు. వాళ్లకు పెద్దగా ఏమీ కాలేదు. స్నో తన లెక్కలు చూపించి, పంపు పిడి తీయించాడు. పక్కింటి మురుగు గుంట నుంచి పంపు బావిలోకి మలం ఊరుతోందని తర్వాత బయటపడింది. ఇప్పుడున్నది ఆ పంపుకు నమూనా. దానికీ పిడి పెట్టలేదు.

అప్పుడు ఊరి మురుగంతా థేమ్స్ నదిలోకే పోయేది. ఆ నీళ్లే చాలామంది తాగేవాళ్లు. 1858 ఎండాకాలంలో నది కంపుకి పార్లమెంటులో కూర్చోలేకపోయారు. అప్పుడు గాని డబ్బు మంజూరు చేయలేదు. బజాల్‌జెట్ అనే ఇంజనీరు భూమి లోపల ఇటుకలతో పెద్ద పెద్ద మురుగు కాలువలు కట్టించాడు. నది గట్టు మీద విశాలమైన రోడ్డు ఉంటుంది. యాత్రికులు ఫోటోలు దిగుతారు. ఆ రోడ్డు కింద ఇప్పటికీ ఆ కాలువ పారుతోంది.