పుట్టలేదా, పాడైందా?

చిరంజీవి అమ్ములుకి,

సెమినార్‌లో మిల్లర్ ప్రయోగం గురించి చెబుతుంటే "ఆ వాయువులే తప్పని తేలిపోయింది కదా" అని ఎవరో అడ్డుకున్నారనీ, అంశం మార్చుకుందామనుకుంటున్నాననీ రాశావు. మార్చుకోకమ్మా. అలాగని అడిగినవాళ్ల మీద కోపమూ వద్దు. ఆ మాటలో సగం నిజముంది.

1953లో షికాగోలో స్టాన్లీ మిల్లర్ మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్, నీటి ఆవిరి కలిపి విద్యుత్ మెరుపులు పంపితే అమైనో ఆమ్లాలు వచ్చాయి. తొలి భూమి గాలి అలాంటిదేనని ఆయన గురువు యూరీ అభిప్రాయం. ఘనత కుర్రవాడికే దక్కాలని యూరీ ఆ పత్రం మీద తన పేరు వేసుకోలేదు. రేపు గైడ్‌ని ఎంచుకునేటప్పుడు అలాంటివారి కోసం చూడు.

తర్వాత భూవిజ్ఞానులు ఆ గాలిలో ఎక్కువ భాగం కార్బన్ డై ఆక్సైడ్, నైట్రోజన్ అయివుంటాయన్నారు. ఆక్సిజన్ దాదాపు లేదన్న మాట మాత్రం నిలిచింది. 1929లోనే ఆ మాట రాసిన శాస్త్రవేత్త హాల్డేన్, చివరికి తన దేహాన్ని మన కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు రాసిచ్చినాయనే.

ఈ కొత్త మిశ్రమంతో ప్రయోగం చేస్తే అమైనో ఆమ్లాలు బహు తక్కువగా కనిపించాయి. చాలామంది అక్కడే ఆగిపోయారు. మిల్లర్ శిష్యులు, సహచరులు 2008లో అసలు ప్రశ్న అడిగారు: అవి పుట్టలేదా, పుట్టి పాడైపోయాయా? మెరుపుల వల్ల అమైనో ఆమ్లాలతో పాటు నైట్రైట్లు, నైట్రేట్లు కూడా తయారవుతున్నాయి. పరీక్షకు నమూనాను సిద్ధం చేసే దశలో అవే అమైనో ఆమ్లాలను నాశనం చేస్తున్నాయి. నీరు ఆమ్లంగా మారకుండా, ఆక్సీకరణ జరగకుండా చూస్తే దిగుబడి బాగా పెరిగింది. సముద్రంలోని ఇనుము ఖనిజాలు ఆ కాపలా కాసి ఉండవచ్చని వాళ్ల వాదన. నీ ప్రయోగంలో ఏదైనా కనిపించనప్పుడు "లేదు" అని రాసే ముందు ఈ ప్రశ్న వేసుకో.

ఇంకొకటి. మిల్లర్ 2007లో పోయాక, ఆయన దాచిన 1950ల నాటి ప్రయోగ నమూనాల సీసాలను శిష్యుడు జెఫ్రీ బాడా బృందం కొత్త పరికరాలతో పరీక్షించింది. అగ్నిపర్వతపు ఆవిరిని అనుకరించిన ప్రయోగం సీసాల్లోనే 22 అమైనో ఆమ్లాలు దొరికాయి! చీటీలూ, నోటు పుస్తకాలూ ఉండబట్టే ఏ సీసా ఏ ప్రయోగానిదో తెలిసింది. నువ్వు ఎండబెట్టిన నమూనాలు పారేయకు. తేదీ, వాయువులు, పేజీ నంబరు రాసి పెట్టు.

వచ్చే సెమినార్‌లో 2008 ఫలితాలతోనే మొదలుపెట్టు. స్లైడ్లు ముందుగా నాకు పంపు.

మీ పెదనాన్న