చేతికి తెలిసే గాలి

బస్సు కిటికీలోంచి చెయ్యి బయట పెట్టరాదని రాసి ఉంటుంది. అయినా చిన్నతనంలో పెట్టని వాళ్లెవరు? అరచేతిని కాస్త పైకి వంచితే చెయ్యి లేస్తుంది, కిందికి వంచితే దిగుతుంది. బస్సు నెమ్మదిగా పోతుంటే గాలి చేతిని నిమురుతుంది. వేగం హెచ్చితే నెట్టేస్తుంది. విమాన శాస్త్రంలో ఒక ముఖ్యమైన పాఠం ఆ కిటికీ దగ్గరే ఉంది.

ఈ సంగతి ఇప్పుడెందుకంటే, మా మిత్రుడొకడు హాస్టల్ గదిలో కంప్యూటర్ మీద విమానం నడుపుతుంటాడు. డిగ్రీ కాగానే పైలట్ శిక్షణకు వెళ్లాలని అతని కోరిక. ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో, మామూలు జాయ్‌స్టిక్ తీసేసి ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ జాయ్‌స్టిక్ కొనాలా వద్దా అని అడిగాడు. ఒక్క మాటలో జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఈ వ్యాసం.

స్ప్రింగుకు తెలియనిది

సెస్నా 172 వంటి చిన్న విమానాల్లో పైలట్ చేతిలోని పిడికీ, తోకమీది ఎలివేటర్ పలకకీ మధ్య ఉక్కు తీగలూ, కప్పీలూ ఉంటాయి. పలకను గాలి ఎంత బలంగా నెడితే ఆ బలం తీగల వెంట అంతగా చేతికి వస్తుంది. ఈ బలం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అనగా, పలక అంతే వంగి ఉన్నప్పుడు, గంటకు 100 కిలోమీటర్ల వేగం 200 అయితే బలం రెండింతలు కాదు, నాలుగింతలు! వేగం బాగా తగ్గి స్టాల్ దగ్గరపడితే పిడి వదులైపోతుంది. వేగమాపకం వంక చూడకముందే, ఏదో తేడాగా ఉందని చెయ్యి చెబుతుంది.

మామూలు జాయ్‌స్టిక్‌లో ఉన్నది స్ప్రింగు. విమానం నేలమీద నిలబడి ఉన్నా, మేఘాల్లో దూసుకుపోతున్నా దాని బిగువు ఒక్కటే. పాపం, దానికి గాలి సంగతి తెలియదు.

ట్రిమ్ విషయంలో ఇంకో చిక్కుంది. నిజమైన విమానంలో పిడిని కావలసిన చోట పట్టుకుని, చేతిమీద బరువు పోయేదాకా ట్రిమ్ చక్రం తిప్పుతారు. తర్వాత చెయ్యి సడలించినా పిడి అక్కడే నిలుస్తుంది. స్ప్రింగు జాయ్‌స్టిక్ మాత్రం ఎప్పుడూ నడిమధ్యకే పోతుంది. కావున ట్రిమ్ తిప్పుతూ, అదే సమయంలో పిడిని కొంచెం కొంచెంగా వదలాలి. ఈ అలవాటు నిజమైన విమానంలో ఉన్నది కాదు.

మోటార్లు చేసే పని

ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ జాయ్‌స్టిక్‌లో స్ప్రింగుకు బదులు మోటార్లుంటాయి: ముందుకు వెనక్కి ఒకటి, పక్కలకు ఒకటి. కంప్యూటర్‌లోని విమానం వేగాన్నీ, ట్రిమ్‌నీ బట్టి ఎంత బలం రావాలో లెక్కగట్టి, మోటార్లచేత అంత బలాన్ని పుట్టిస్తారు. ట్రిమ్ మారితే పిడి విశ్రాంతి స్థానమే జరుగుతుంది.

బలం ఎంతో మనమే లెక్క వేసుకోవచ్చు. మోటారు టార్కు 9 న్యూటన్ మీటర్లు, పిడి పొడవు 20 సెంటీమీటర్లు అనుకుందాం. 9ని 0.2తో భాగిస్తే 45 న్యూటన్లు, అంటే సుమారు నాలుగున్నర కిలోల బరువు. పొడవు రెట్టింపు చేస్తే బలం సగమే. పొడుగాటి పిడి తగిలించాలనుకునే వారు ఈ లెక్క మరువరాదు. బల్లకు గట్టిగా బిగించకపోతే జాయ్‌స్టిక్కే లేచి వస్తుంది.

ఇది నిన్న మొన్నటి ఊహ కాదు. మైక్రోసాఫ్ట్ 1997లోనే సైడ్‌వైండర్ ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ ప్రో తెచ్చింది. 2009లో లాజిటెక్ జీ940 వచ్చింది. తర్వాత చాలా ఏళ్లు పెద్ద సంస్థలు ఈ వైపు అంతగా చూడలేదు. ఈ మధ్య వీపీఫోర్స్, మోజా వంటి వారు మళ్లీ పూనుకున్నారు.

ఎవరికి అక్కరలేదు?

1987లో తొలిసారి ఎగిరిన ఎయిర్‌బస్ ఏ320లో పైలట్ పక్కనుండే చిన్న పిడికీ, రెక్కల పలకలకూ తీగల సంబంధం లేదు. పిడి విద్యుత్ సంకేతాలు పంపుతుంది. చేతికి తగిలేది స్ప్రింగు బిగువే. అలాంటి విమానం నడిపేవారికి మామూలు జాయ్‌స్టిక్కే వాస్తవానికి దగ్గర! ఖరీదైనది కొంటే డబ్బు దండగ.

మరో మాట. మోటార్లు ఎంత మంచివైనా ప్రోగ్రాం చెప్పినట్లే ఆడతాయి. డీసీఎస్ వరల్డ్ వంటివి తామే ఈ బలాలను అందిస్తాయి. కొన్నింటికి మధ్యవర్తి ప్రోగ్రాం కావాలి. కొనేముందే విచారించుకోవాలి.

ఇక మా మిత్రునికి నా జవాబు. నువ్వు నేర్వబోయేది తీగల విమానం గనుక ఈ జాయ్‌స్టిక్ నీ చేతికి మేలే చేస్తుంది. కాని కుర్చీ కింద విమానం కుంగడం, ఒళ్లు బరువెక్కడం అది చూపలేదు. హాస్టల్ గదిలో గడిపిన గంటలు లైసెన్సు లెక్కలోకి రావు. అందుచేత ముందు ఆ డబ్బులోంచి డీజీసీఏ వైద్య పరీక్ష చేయించుకో. కళ్లూ చెవులూ నెగ్గితే, అప్పుడు చేతి సంగతి చూద్దాం.