ఇలా ఇవ్వమ్మా, నేను నొక్కుతా!

కరెంటు బిల్లు కట్టాలంటే అబ్బాయి కాలేజీ నుంచి రావాలి. గ్యాస్ బుక్ చెయ్యాలంటే ఆయన ఆఫీసు నుంచి రావాలి. రైలు టికెట్టుకి పక్కింటి పిల్లని బతిమాలాలి. ఫోన్ మాత్రం మనదే! ఏం చెల్లీ, మీ ఇంట్లోనూ ఇంతేనా? రీల్స్ చూడ్డం మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చేసింది, గమనించావా?

పిల్లల్ని అడిగితే "ఇలా ఇవ్వమ్మా" అని లాక్కుని, టకటకా నొక్కేసి తిరిగిచ్చేస్తారు. పని అయిపోతుంది, మనకి మాత్రం రాదు. అందుకే ఫోన్ వాళ్ల చేతికివ్వకు. "నువ్వు చెప్పు, నేనే నొక్కుతా" అను. విసుక్కుంటారు, విసుక్కోనీ. వాళ్లకి అఆలు దిద్దించినప్పుడు మనం విసుక్కోలేదా ఏంటి!

ముందు ఫోన్‌లోంచే మీ అమ్మాయికి ఓ పది రూపాయలు పంపి చూడు. ఒక్క సంగతి గట్టిగా గుర్తుపెట్టుకో: యూపీఐ పిన్ కొట్టేది మనం డబ్బు పంపేటప్పుడు. మనకి డబ్బు రావాలంటే పిన్ అక్కర్లేదు. "మీకు డబ్బులొచ్చాయి, పిన్ కొట్టండి" అన్నవాడు దొంగే. పోలీసులమంటూ వీడియో కాల్‌లో "డిజిటల్ అరెస్ట్" అని బెదిరించేవాడూ దొంగే. మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చెయ్యి. పరువు పోతుందని దాచుకుంటూ కూర్చుంటే, ఆ డబ్బు ఖాతాలు మారిపోతుంది.

ఒంటి సంగతికొస్తే నాకు కోపమే వస్తుంది. ఎవరో వాట్సాప్‌లో కాకరకాయ రసం గురించి పంపితే షుగర్ మాత్రలు మానేసేవాళ్లున్నారు మనలో. కాకరకాయ కూర తిను, బాగుంటుంది; మాత్ర మాత్రం డాక్టరు చెప్పందే మానకు. ఊరు దాటి వెళ్లలేనివాళ్లకి ప్రభుత్వం ఈ-సంజీవని పెట్టింది, ఫోన్‌లోనే డాక్టరుతో ఉచితంగా మాట్లాడొచ్చు. ఇక కళ్లు. తెర చూస్తున్నంతసేపూ రెప్ప వెయ్యడం తగ్గిపోతుంది, అందుకే ఆ మంట. ఇరవై నిమిషాలకోసారి తలెత్తి ఇరవై అడుగుల దూరంలోని దేన్నైనా ఇరవై సెకన్లు చూడు. నలభై దాటాక అక్షరాలు మసకబారితే ఫోన్ని దూరంగా పట్టుకుని తంటాలు పడకు, అద్దాలు పెట్టించుకో.

ఇప్పుడు అసలు సంగతి. పెళ్లితో చదువాగిపోయిన వాళ్లం ఎంతమందిమి! దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన తెలుగునాటే మొదలైంది, ఇప్పుడది అంబేద్కర్ పేరున ఉంది. ఆ రోజుల్లో పుస్తకాలు తెచ్చుకుని, అర్థంకానిది ఎవర్నడగాలో తెలీక చదువు వదిలేసినవాళ్లు నాకు తెలుసు. ఇప్పుడా బాధ తగ్గింది. కేంద్ర ప్రభుత్వం పెట్టిన స్వయం పోర్టల్‌లో పాఠాలు ఉచితం, పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకోవాలంటేనే ఫీజు. చాలావరకు ఇంగ్లీషులోనే ఉంటాయి, నిజమే. అర్థంకాని ముక్కని చాట్‌జీపీటీ లాంటి ఏఐ యాప్‌లో పెట్టి "తెలుగులో సులువుగా చెప్పు" అంటే చెబుతుంది. ఎన్నిసార్లడిగినా విసుక్కోదు. అయితే తప్పుని కూడా అంతే ధీమాగా చెప్పేస్తుంది, పుస్తకంతో సరిచూసుకున్నాకే నమ్ము.

ఇగ్నో అని ఇంకో సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది; అందులో డిగ్రీకి ఇంటర్ పాసైతే చాలు, వయసు పరిమితి లేదు. ఏడాదికి రెండుసార్లు, జనవరికీ జులైకీ చేర్చుకుంటారు. అధ్యయన కేంద్రాలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. నీ ఇంటర్ సర్టిఫికెట్ ఏ బీరువా అడుగున ఉందో ముందు వెతికి తియ్యి. దరఖాస్తు నువ్వే నింపు చెల్లీ, ఇంకెవరి చేతికీ ఇవ్వకు.