ఇంటి వెలుపలి దీపం ఎలా ఉండాలి?

ఇల్లు కట్టుకొనేవారు పూజగదికి, వంటగదికి, పడకగదికి ఏ దీపం ఎక్కడ కావాలో ముందే ఆలోచించుకుంటారు. వాకిలి, మెట్లు, పెరడు విషయానికి వచ్చేసరికి మాత్రం ఎలక్ట్రీషియన్ తీగ ఎక్కడికి లాగితే అక్కడ ఒక పెద్ద బల్బు తగిలించి ఊరుకుంటారు. వెలుతురు ఎంత ఎక్కువైతే అంత భద్రమని చాలామంది భావన.

వైద్యునిగా నేను ఈ బల్బు ఫలితాలను రెండు విధాలుగా చూస్తూ ఉంటాను. రాత్రి నిద్ర పట్టక బాధపడేవారు ఒక రకం. మెట్టు తప్పి పడి, తుంటి ఎముకో మణికట్టో విరిగినవారు రెండవ రకం. మొదటివారికి వెలుతురు అక్కరలేని చోట పడింది. రెండవవారికి కావలసిన చోట పడలేదు. కనుక దీపాన్ని ఎంచుకొనేటప్పుడు ఒక సూత్రాన్ని గుర్తుంచుకోవాలి: దారి కనబడాలి, దీపం కనబడరాదు.

నిద్రకు, వెలుతురుకు సంబంధం

శరీరాన్ని నిలబెట్టే మూడు ఉపస్తంభాలలో ఆహారంతో పాటు నిద్రను కూడా చరక సంహిత పేర్కొన్నది. చీకటి పడినప్పుడు మెదడులోని పీనియల్ గ్రంథి మెలటోనిన్ అనే పదార్థాన్ని స్రవిస్తుంది. శరీరానికి రాత్రి అయినదని తెలిపేది ఇదే. కంటిలో చూపుతో నిమిత్తం లేకుండా వెలుతురును గ్రహించి, మెదడులోని కాలచక్రానికి తెలియజేసే ప్రత్యేక కణాలున్నాయని 2002లో శాస్త్రజ్ఞులు నిరూపించారు. ఈ కణాలు నీలి కాంతికి అధికంగా స్పందిస్తాయి. పాలవలె తెల్లగా కనిపించే బల్బులో ఈ నీలి కాంతి ఎక్కువ.

విశ్రాంత ఉపాధ్యాయుడొకరు నిద్రలేమితో నా వద్దకు వచ్చారు. పాదాభ్యంగం, రాత్రి గోరువెచ్చని పాలు, పగటినిద్ర మానడం, అన్నీ చేశారు. ప్రయోజనం స్వల్పం. పడకగది గురించి అడిగితే, ఎదురింటి గేటు దీపం తెల్లవార్లూ తన కిటికీ మీదనే పడుతుందని చెప్పారు. పొరుగువారు మర్యాదస్థులు. సంగతి తెలిసిన వెంటనే దీపానికి రేకు టోపీ పెట్టించి కిందికి తిప్పించారు. ఆ తరువాతనే ఆయనకు చికిత్స గుణమిచ్చింది. మన గేటు దీపం ఎవరి కిటికీలో పడుతున్నదో చూసుకోవడం కూడా ఆరోగ్యధర్మమే.

వయసు మళ్ళిన కన్ను

వయసుతో కంటిపాప చిన్నదవుతుంది, లోపలి కటకం పసుపు వన్నెకు తిరుగుతుంది. అందువల్ల పెద్దలకు నేల మీద ఎక్కువ వెలుతురు కావాలి. అయితే శుక్లాలున్న కంటికి ఎదురుగా బల్బు వెలిగితే కాంతి లోపల చెదిరి, ఉన్న చూపు కూడా మసకబారుతుంది. పైగా ప్రకాశం నుండి చీకటికి వచ్చిన కన్ను పూర్తిగా కుదుటపడడానికి 20 నుండి 30 నిమిషాలు పడుతుంది. వాకిట్లో కళ్ళు మిరుమిట్లు గొలిపే దీపం పెట్టి పెరడును చీకటిగా వదిలితే, పెరటిలోని మరుగుదొడ్డికి వెళ్ళే వృద్ధులకు అది అపాయకరం.

స్థానం ముందు, బల్బు తరువాత

దూరం రెట్టింపయితే వెలుతురు నాలుగవ వంతుకు తగ్గుతుంది. రెండు మీటర్ల ఎత్తున 12 వాట్ల దీపం చేసే పని, మీటరు ఎత్తున అదే రకం 3 వాట్ల దీపం చేయగలదు. కనుక,

1. మెట్లకు పక్కగోడలో మోకాలి ఎత్తున, కిందికి చూసే చిన్న దీపాలు అమర్చాలి. ప్రతి మెట్టు అంచూ విడిగా తెలియాలి.

2. వాకిలి తలుపు వద్ద 5 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు సాధారణంగా చాలును. వచ్చినవారి ముఖం గుర్తించడానికి అంతకంటె అక్కరలేదు.

3. బల్బు డబ్బా మీద 2700 లేక 3000 కెల్విన్ అని ఉన్నది కొనాలి. ఇది దీపపు పసుపు వన్నె. 6500 అని ఉన్నది తెల్లనిది, రాత్రంతా వెలిగే చోటికి తగదు.

4. వానకు తడిసే చోట ఐ.పి. 65 గుర్తు గలది, వసారాలో ఐ.పి. 44 గుర్తు గలది వాడాలి. వెలుపలి తీగలకు ఎర్తు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. తప్పనిసరి.

5. పెరటికి, నూతి వద్దకు మనిషి కదలికను గుర్తించి వెలిగే సెన్సర్ దీపం ఉత్తమం. తడుముకొని స్విచ్చి వెతకవలసిన పని ఉండదు.

పురుగూ పుట్రా

తొలకరి వానలకు ఉసిళ్ళు దీపం చుట్టూ మూగడం అందరికీ తెలిసినదే. వాటి కోసం బల్లులు, కప్పలు చేరతాయి. కప్పల కోసం పాము రావచ్చు. అందుకే పెద్ద దీపాన్ని గుమ్మానికి ఆనించి పెట్టరాదు. పసుపు వన్నె దీపానికి సాధారణంగా పురుగులు తక్కువగా వస్తాయి. దోమలు మాత్రం ముఖ్యంగా మన ఊపిరిని, ఒంటి వాసనను, వేడిని పసిగట్టి వస్తాయి. వాటికి నిలువనీరు తొలగించడమే మందు.

వానాకాలంలో దీపాల వద్దకు చీమను పోలిన, నారింజ, నలుపు పట్టీలు గల సన్నని పురుగు ఒకటి వస్తుంది. దానిని ఒంటిమీద చిదిమితే, ఒకటి రెండు రోజుల్లో ఆ చోట మంటతో పొక్కులు లేస్తాయి. చిదమక ఊది వేయాలి. తగిలిన చోటును వెంటనే సబ్బుతో కడగాలి. ఆ చేతితో కళ్ళు నలపరాదు.

కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. పాము కాటుకు గృహవైద్యం లేదు. కోయడం, కట్టు బిగించడం, పసరు పోయడం చేయరాదు. రోగిని నడిపించక, యాంటీవెనమ్ ఉన్న ఆసుపత్రికి తక్షణం చేర్చాలి. అత్యవసరమైతే తప్ప రాత్రి వెలుపల తిరుగరాదని, వెళ్ళవలసివస్తే చేతికర్రతో, తోడుతో వెళ్ళాలని అష్టాంగహృదయం చెప్పినది. ఎంత మంచి దీపం ఉన్నా ఈ జాగ్రత్త నేటికీ వర్తిస్తుంది.

పాదాభ్యంగం చేసుకొనేవారికి ఒక మాట

పడుకొనే ముందు అరికాళ్ళకు నువ్వులనూనె మర్దన చేయడం నిద్రకు, కంటికి హితమని మన శాస్త్రం చెబుతున్నది. నేనూ సూచిస్తాను. అయితే నూనె పాదాలతో నున్నని గచ్చు మీద నడిస్తే జారిపడే ప్రమాదం ఉన్నది. పావుగంట ఆగి, పాదాలను పొడిగుడ్డతో గట్టిగా తుడిచిన తరువాతనే మంచం దిగాలి.

పరీక్షించే విధానం

చీకటి పడిన తరువాత ఇంటిలోని పెద్దవారిని చేయి పట్టుకొని గేటు నుండి గుమ్మానికి, గుమ్మం నుండి పెరటికి నడిపించండి. వారు ఎక్కడ కళ్ళు చికిలించారో అక్కడ దీపానికి టోపీ పెట్టండి. ఎక్కడ కాలితో నేలను తడిమారో అక్కడ చిన్న దీపం అమర్చండి. ఆ తరువాతనే బల్బు కొనడానికి దుకాణానికి వెళ్ళండి.