మెడ ధమనులకు గాయమైతే - చికిత్స

మన శరీరంలో మెడంత ఇరుకైన దారి మరొకటి లేదు. తలకు పోయే రక్తం, ఊపిరితిత్తులకు పోయే గాలి, కడుపులోకి పోయే అన్నం, వెన్నుపాము - అన్నీ ఈ జానెడు జాగాలోంచే పోవాలి. మెదడుకు పుర్రె కాపు ఉంది. గుండెకు పక్కటెముకలు కాపు ఉన్నాయి. మెడకు ముందువైపు చర్మం, దాని కింద ప్లాటిస్మా అనే పలుచని కండరం తప్ప గట్టి అడ్డు ఏదీ లేదు. అందుకే కత్తి, కొడవలి, బస్సు అద్దం పెంకు, తూటా ఏది దిగినా మెడలో ప్రమాదమే.

ఆఖరికి గాలిపటం దారం కూడా ప్రాణం తీయగలదు. 2024 జనవరిలో, సంక్రాంతి ముందు, హైదరాబాదు లంగర్‌హౌస్ దగ్గర మోటారు సైకిలు మీద పోతున్న ఒక సైనికుడు మాంజా మెడకు కోసుకుని చనిపోయాడు. గాజుపొడి పూసిన నైలాన్ దారాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది. అయినా దొంగచాటు అమ్మకం ఆగలేదు.

అది పట్నం, పెద్ద దవాఖానలు ఉన్న చోటు. అదే గాయం మన కొల్లాపూర్ వైపు, మామిడితోటల్లోనో సోమశిల దారిలోనో జరిగితే ఏమిటి? నాగర్‌కర్నూల్‌లో 2022లో వైద్య కళాశాల వచ్చింది. రక్తనాళాల సర్జన్ల కోసం హైదరాబాదుకే పోవాలంటే మాత్రం దాదాపు 180 కిలోమీటర్లు. అంత దూరం మనిషిని బతికించి తీసుకుపోయేది ఏది? ఈ వ్యాసంలో ముఖ్యంగా చూడవలసింది అదే.

ధమనుల దారి

మెడకు రెండు వైపులా కెరోటిడ్ ధమనులు పైకి పోతాయి. కంఠమణి పై అంచు దగ్గర ఒక్కొక్కటి రెండుగా చీలుతుంది. బయటి శాఖ ముఖానికి, లోపలి శాఖ మెదడుకు. ఇవి కాక వెనుకవైపు వెన్నుపూసల రంధ్రాలలోంచి రెండు వెర్టిబ్రల్ ధమనులు పోతాయి. నిమిషానికి సుమారు 750 మిల్లీలీటర్ల రక్తం వీటన్నిటి ద్వారా మెదడుకు చేరుతుంది. ధమని తెగితే ప్రమాదాలు మూడు: రక్తం కారిపోవడం, మెడలో పేరుకున్న రక్తం శ్వాసనాళాన్ని నొక్కేయడం, మెదడుకు రక్తం అందక పక్షవాతం రావడం.

ముడివేత నుంచి అతుకు దాకా

16వ శతాబ్దంలో అంబ్రోయిజ్ పారె అనే ఫ్రెంచి సర్జన్ తెగిన కెరోటిడ్‌ను దారంతో ముడివేశాడు. రోగి బతికాడు గాని మాట పడిపోయింది, ఒక పక్క చచ్చుబడింది. 1803లో టోనాంట్ అనే బ్రిటిష్ యుద్ధనౌకలో ఫ్లెమింగ్ అనే సర్జన్ గొంతు తెగిన ఒక నౌకరుకు ఇదే ముడి వేస్తే అతడు కోలుకున్నాడు. ఒకరికి అట్లా, ఒకరికి ఇట్లా ఎందుకు? మెదడు అడుగున నాలుగు ధమనులు కలిసే ఒక వలయం ఉంది. దాన్ని విల్లిస్ వలయం అంటారు. అది బాగా ఉన్నవారిలో ఒకవైపు మూసినా రెండోవైపు రక్తం సర్దుకుంటుంది. అందరిలో అది ఒకే తీరుగా ఉండదు. కాబట్టి ముడివేత జూదం లాంటిది. వీలైనంతవరకు ధమనిని కుట్టి బాగు చేయడమే నేటి పద్ధతి. కుట్టడానికి చాలకపోతే కాలి సిరలోంచి ముక్క తీసి అతుకు వేస్తారు.

ఆలస్యం ఎంత చెడ్డదో 1956లో తెలిసింది. డల్లాస్ సర్జన్లు ఫోగెల్మన్, స్టీవర్ట్ 100 మెడ గాయాలను పరిశీలించారు. వెంటనే ఆపరేషను చేసినవారిలో నూటికి 6గురు చనిపోతే, ఆలస్యమైనవారిలో 35గురు చనిపోయారు. ఆ తర్వాత ప్లాటిస్మా దాటిన ప్రతి గాయాన్నీ తెరిచి చూడడం ఆచారమైంది. అయితే చాలామందికి లోపల ఏమీ తెగలేదని కోసినాక గాని తెలిసేది కాదు.

మూడు మండలాలు

1969లో చికాగో సర్జన్లు మెడను మూడు మండలాలుగా విభజించారు. ఛాతీ పైభాగం నుంచి కంఠమణి కింది ఉంగరపు మృదులాస్థి దాకా ఒకటి, అక్కడి నుంచి దవడ మూల దాకా రెండు, ఆపైన పుర్రె అడుగు దాకా మూడు. రెండో మండలంలో ధమని సర్జన్ చేతికి సులువుగా అందుతుంది. మొదటి దానికి ఛాతీ తెరవవలసి రావచ్చు. మూడోది ఎముకల చాటున ఉంటుంది. ఇటువంటి చోట్ల తొడ ధమని గుండా సన్నని గొట్టం పంపి, లోపలి నుంచే తొడుగున్న స్టెంటు అమర్చడం ఇప్పుడు సాధ్యమైంది.

రక్తం చిమ్ముతున్నా, వాపు పెరుగుతున్నా, వాపు నాడిలా కొట్టుకుంటున్నా, గాయంలోంచి గాలి బుడగలు వస్తున్నా, రోగి షాక్‌లో ఉన్నా పరీక్షల కోసం ఆగరు. ముందు ఊపిరికి దారి చేసి, నేరుగా ఆపరేషనుకు తీసుకుపోతారు. ఈ లక్షణాలు లేనివారికి సి.టి. యాంజియోగ్రామ్ తీసి నిర్ణయిస్తారు. మూత్రానికి వాడే ఫోలీ గొట్టాన్ని గాయంలోకి దింపి, దాని బుడగను నీటితో ఉబ్బించి రక్తాన్ని ఆపే ఉపాయం ఒకటుంది. ఖరీదైన సాధనాలు లేని చోట కూడా అది పనికొస్తుంది.

దారిలో మన పని

దవాఖాన చేరేదాకా రోగి ప్రాణం పక్కనున్న వాళ్ల వేళ్ల మీద ఆధారపడి ఉంటుంది. ఇవి గుర్తుంచుకోవాలి:

1. శుభ్రమైన బట్ట మడిచి రక్తం వచ్చే చోటనే గట్టిగా ఒత్తిపట్టాలి. మాటిమాటికి తీసి చూడరాదు. బట్ట తడిస్తే దానిమీదనే ఇంకొకటి పెట్టాలి.

2. మెడ చుట్టూ తువాలు బిగించి కట్టరాదు. రెండు వైపులా ఒకేసారి ఒత్తరాదు.

3. గుచ్చుకున్న వస్తువును పీకరాదు. తూటు మూసి ఉన్నది అదే కావచ్చు.

4. రోగిని పడుకోబెట్టాలి. మెడ సిర తెగి ఉంటే, కూర్చోబెట్టినప్పుడు గాలి గుండెలోకి పోయే ప్రమాదముంది. నోట రక్తం వస్తుంటే పక్కకు తిప్పాలి. ఊపిరి ఆడకపోతే మాత్రం ఆడే తీరులోనే ఉంచాలి.

5. పసుపు, కాఫీపొడి అద్దుతూ కూర్చోరాదు. నీళ్లు తాగించరాదు.

6. 108కి ఫోను చేయాలి. ఒత్తిన చెయ్యి డాక్టరు చెప్పేదాకా తీయరాదు.

"పోలీసు కేసు అయితది, మనకెందుకు" అని వెనక్కు పోయేవాళ్లు ఉన్నారు. ఆ భయం అక్కరలేదు. పోలీసు కాగితాల కోసం ఆగకుండా వైద్యం చేయాలని సుప్రీంకోర్టు 1989లో పరమానంద్ కటారా కేసులో చెప్పింది. రోడ్డు ప్రమాదంలో మంచి మనసుతో సాయపడినవారికి 2019 మోటారు వాహనాల సవరణ చట్టం రక్షణ ఇచ్చింది.

ధమనిని కుట్టడం నేర్వడానికి ఏళ్లు పడుతుంది. ఒత్తిపట్టడం నేర్వడానికి పూట చాలు. మన కళాశాల ఎన్.ఎస్.ఎస్. శిబిరాలు ఊళ్లలో పెట్టినప్పుడు రోడ్లు ఊడ్చే పనితోపాటు ఈ పాఠం కూడా చెబితే బాగుంటుంది. బస్సు డ్రైవర్లకు, తోటల్లో పనిచేసేవాళ్లకు, గీత కార్మికులకు, బడిపిల్లలకు ముందు చెప్పాలి. కొల్లాపూర్ నుంచి సర్జన్ దాకా ఉన్న దూరాన్ని మనం ఒక్కరోజులో తగ్గించలేం. ఆ దూరంలో మనిషి చావకుండా చూడడం మాత్రం మన చేతిలో ఉంది.