తాలు ఏరిన కోడ్‌కే గిరాకీ

గుంటూరు మిర్చి యార్డులో కొనేవాడు టిక్కీ విప్పగానే చూసేది తాలు కాయలు కలిశాయా అని. కలిస్తే మిగతా కాయ ఎంత మేలైనదైనా ధర దిగుతుంది. ఓపెన్ సోర్స్‌లోనూ అంతే. కోడ్ పనిచేస్తే సరిపోదు, ఆ ప్రాజెక్టు పద్ధతిలో ఉండాలి. వడ్డేశ్వరంలో ఇంజినీరింగ్ చదువుతున్నా, తాడేపల్లిలో ఉంటూ ఉద్యోగం వెతుక్కుంటున్నా ఈ అలవాటు ఇప్పుడే చేసుకోండి.

ఎందుకింత పట్టింపు?

మీ కోడ్ చదివేవాళ్లకు మీ ముక్కూమొహం తెలియదు. పక్కన కూర్చుని వివరించే వీలుండదు. రాత అంతా ఒకేలా ఉంటే వాళ్ల కన్ను నేరుగా అసలు తప్పు మీద పడుతుంది.

సాఫ్ట్‌వేర్‌లో

పైథాన్‌కు 2001లో వచ్చిన పెప్ 8 అనే స్టైల్ గైడు ఉంది. ఇండెంట్‌కు 4 స్పేస్‌లు, వరుసకు 79 అక్షరాలు. లినక్స్ కెర్నల్‌లో ఇండెంట్ అంటే ట్యాబ్, దాని వెడల్పు 8 అక్షరాలు. మూడంచెలు దాటి లోపలికి వెళ్తే ప్రోగ్రామ్‌నే సరిచేసుకోమంటుంది కెర్నల్ స్టైల్ గైడు. అక్కడ ఒప్పయింది ఇక్కడ తప్పు. ఏది గొప్పదని వాదించకండి, ఏ ఊరి కట్టుబాటు ఆ ఊరిది.

హార్డ్‌వేర్‌లో

ఈసీఈ వాళ్లు లోరిస్క్ సంస్థ వెరిలాగ్ స్టైల్ గైడు చదవాలి. అందులో ఇన్‌పుట్ పేరు చివర ‘ఐ’, ఔట్‌పుట్‌కు ‘ఓ’, సున్నా దగ్గర పనిచేసే సిగ్నల్‌కు ‘ఎన్’ చేరుస్తారు. రీసెట్ పేరు ‘ఎన్‌ఐ’తో ముగిస్తే, అది లోపలికి వచ్చే సిగ్నల్ అనీ, సున్నా ఇస్తే రీసెట్ అవుతుందనీ అర్థం. ఆ ‘ఎన్’ రాయడం మరిచారనుకోండి. దాన్ని వాడేవాళ్లు మామూలప్పుడు సున్నాయే ఇస్తారు, సర్క్యూట్ రీసెట్‌లోనే కూర్చుంటుంది. సర్క్యూట్లు గీసే కైక్యాడ్ సాఫ్ట్‌వేర్ లైబ్రరీ నియమాల్లో సింబల్ పిన్నులు 2.54 మిల్లీమీటర్ల గ్రిడ్ మీదే ఉండాలి. గ్రిడ్ తప్పితే వైరు తగిలినట్టే కనిపిస్తుంది గానీ కలవదు.

ఇలా మొదలుపెట్టండి

1. ఒక ప్రాజెక్టు ఎంచుకుని, కోడ్ కంటే ముందు దాని స్టైల్ గైడు చదవండి.
2. సీ కోడ్‌కు క్లాంగ్ ఫార్మాట్, పైథాన్‌కు బ్లాక్, కెర్నల్‌కు చెక్‌ప్యాచ్ నడపండి. ప్రాజెక్టు సొంత సెట్టింగులు ఇస్తే అవే వాడండి.
3. ఒక ప్యాచ్‌లో, అంటే మీరు పంపే ఒక మార్పులో, ఒకే పని. బగ్ సరిచేస్తూ పక్క వరుసల్లో స్పేస్‌లు సర్దకండి.
4. కెర్నల్‌లో ఉత్త స్టైల్ సవరణలతో చేయి తిరగాలంటే ‘స్టేజింగ్’ డ్రైవర్లు ఉన్నాయి. మిగతాచోట్ల నిర్వాహకులు అలాంటి ప్యాచ్‌లను అంతగా ఇష్టపడరు. ఏ వరుస ఎవరు, ఎందుకు మార్చారో వెతకడం కష్టమవుతుందని వాళ్ల బాధ.

రెజ్యూమెలో

‘ఓపెన్ సోర్స్‌పై ఆసక్తి’ అన్న మాటకు విలువ తక్కువ. ప్రాజెక్టు చేర్చుకున్న ఒక్క ప్యాచ్ లింకు ఇవ్వండి. మొదటిసారి తిప్పి పంపి ఉంటే దాచకండి. ఎవరో తప్పు చూపితే నొచ్చుకోకుండా దిద్ది మళ్లీ పంపారని ఆ లింకే చెబుతుంది. టీములో పనిచేసే మనిషి కోసం వెతికేవాళ్లు చూసేది అదే.