కొండవాలున ఇల్లు: గుండు కింద గరుసు చూశారా?

తాడిమర్రి నుంచి పెనుకొండ వైపు వెళ్తే కనిపించేవి ఎక్కువగా గ్రానైట్, నైస్ గుట్టలు. ఇక్కడ మట్టి జారడం కన్నా గుండు దొర్లడమే అసలు భయం. పగుళ్లలోకి నీరు దిగి రాయి కుళ్లుతుంది; గుండు అడుగున గరుసు మిగులుతుంది. కర్రతో పొడిస్తే అది జలజలా రాలిందా, ఆ వాలు కింద పునాది వద్దు. పగుళ్లు ఇంటి వైపే వాలి ఉంటే మరీ ప్రమాదం. 2024 ఆగస్టు 31న విజయవాడ మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్లపై పడి ప్రాణాలు తీశాయి.

పోటీ పరీక్షల బిట్లకు: వాలు భద్రతా గుణకం అంటే నిలిపే బలాన్ని జార్చే బలంతో భాగించగా వచ్చేది, 1 కన్నా తగ్గితే వాలు నిలవదు. కొండచరియలకు నోడల్ సంస్థ జియోలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా (జీఎస్ఐ; స్థాపన 1851, కేంద్రం కోల్‌కతా). 2023 నాటి కొండచరియల అట్లాస్ మాత్రం హైదరాబాద్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ (ఎన్ఆర్ఎస్‌సీ)ది. చాలామంది తడబడేది ఇక్కడే. ఆ అట్లాస్‌లో ముప్పు పరంగా మొదటి స్థానం రుద్రప్రయాగ జిల్లాది.